చెరువు కనబడుటలేదు

నా ఇంటి రిజిస్ట్రేషన్ కాగితంలో నాలుగు హద్దులు రాసి ఉన్నాయి. ఉత్తరాన 46వ నంబరు ప్లాటు, దక్షిణాన 48వ నంబరు ప్లాటు, తూర్పున 30 అడుగుల రోడ్డు, పడమర ‘ఇతరుల భూమి’. ఆ ఇతరులు ఇంకెవరో కాదు, చెరువు. గజానికి 1,500 రూపాయలు అదనంగా తీసుకుని వెంచర్ వాళ్ళు నాకు అమ్మింది ఆ ఇతరులనే. రెండు వందల గజాలకు మూడు లక్షలు. తిరుమలలో లడ్డూకైనా టోకెన్ ఇస్తారు కదా, మూడు లక్షల చెరువుకు కాగితంలో ఒక్క అక్షరం లేకపోతే ఎలాగండీ అని ఏజెంటును అడిగాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. “చెరువు అని రాస్తే ఇరిగేషన్ వాళ్ళ ఎన్‌ఓసీ అడుగుతారు సార్. రాయకపోవడమే మీకు సేఫ్” అన్నాడు.

అప్పటినుంచి ఈ విషయం మీద లోతుగా ఆలోచిస్తున్నాను. పొలానికి పాసుబుక్కు ఉంది. ఇంటికి ఇంటి నంబరుంది. మా వీధి కుక్కలకు కూడా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తుగా చెవికి గాటుంది. చూపుకు మాత్రం ఏ రికార్డూ లేదు. లేక్ వ్యూ కొనుక్కుని మోసపోతున్న మధ్యతరగతి కుటుంబాల తరఫున నా విన్నపం ఒక్కటే. చెరువును కాపాడే సంగతి తర్వాత చూద్దాం, ముందు చెరువును చూసే మా హక్కును కాపాడండి.

అసలు చెరువులకు క్రమశిక్షణ లేదు. నేను ప్లాటు చూడటానికి వెళ్ళింది అక్టోబరులో, ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఇరవై నిమిషాలని బ్రోచర్‌లో ఉంది. ఏ వాహనం మీదో రాయలేదు గానీ మా కారుకు గంటంబావు పట్టింది. అయినా ఆ నిండు చెరువు, కొంగలు, నీళ్ళలో దిగిపోతున్న సూర్యుడు చూసేసరికి మా ఆవిడ అక్కడే అడ్వాన్సు ఇచ్చేయమంది. గృహప్రవేశం ఏప్రిల్‌లో పెట్టుకున్నాం. బంధువులందరినీ మేడ మీదికి తీసుకెళ్ళి పడమటి వైపు చెయ్యి చాపి చూపిస్తే, అక్కడ చెరువు లేదు. దోసపాదులున్నాయి. ఒకాయన పుచ్చకాయలు కోసి ఆటోలో వేస్తున్నాడు. అదేమిటంటే తనది శిఖం పట్టా అని, నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు తాతల నాటి నుంచీ ఉందని చెప్పాడు. మా మామగారు అరవై రూపాయలు పెట్టి ఒక పుచ్చకాయ కొన్నారు. మూడు లక్షల చెరువు నుంచి మాకు వచ్చిన మొదటి ఆదాయం అది.

ఊళ్ళో చెరువు బాగోగులు చూసే నీరటి ఒక పెద్దాయన ఉన్నాడు. తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. చెరువు ఎటు పోయిందని నిలదీశాను.

“యాడికి పోతది సార్, ఆయకట్టు తాగింది” అన్నాడు.

తాగింది! నేను వ్యూ కోసం కొనుక్కున్న నీళ్ళను ఎవరి వరి పైరో తాగింది, నాకు కనీసం నోటీసైనా ఇవ్వకుండా. యాసంగి పంట పేరుతో ఏటా ఇలాంటి దోపిడీ జరుగుతుంటే పత్రికలు ఏం చేస్తున్నట్టు?

అన్నట్టు మా చెరువు పడమర నుంచి సాగి ఇంటి నైరుతి దాకా వస్తుంది. నైరుతి మూల బరువుండాలి గానీ నీళ్ళుండకూడదని వాస్తు. ఈ దోషం సంగతి ఎత్తితే వెంచర్ వాళ్ళు రెండేళ్ళలో సరిచేస్తామన్నారు, మాట నిలబెట్టుకున్నారు. ఆ నైరుతిలోనే ఫేజ్ 2 వేశారు. వందలాది టిప్పర్ల మొరం దించి, మా కంటే నాలుగడుగులు ఎత్తు చేసి, మా ముందు వరుసలో డూప్లెక్సులు కట్టారు. “నైరుతిలో బరువు పెరగడం మీకే మంచిది సార్” అన్నాడు ఏజెంటు.

ఫేజ్ 2 వాళ్ళు కూడా మాలాగే చెరువును ప్రేమించి కొనుక్కున్నవాళ్ళే. వాళ్ళ సంతోషం ఏడాదిన్నర. తర్వాత వాళ్ళ ముందు ఫేజ్ 3 వచ్చింది. ఇప్పుడు మా వెంచర్ భాషలో ఫేజ్ 3 వాళ్ళది లేక్ ఫ్రంట్, ఫేజ్ 2 వాళ్ళది లేక్ వ్యూ, మాది లేక్ బ్రీజ్. మా వెనక వరుసను లేక్ వైబ్స్ పేరుతో అమ్ముతున్నారు. చెరువును ఎంత ఎక్కువమంది ఇష్టపడితే చెరువు అంత వెనక్కి జరుగుతుంది. సిగ్గరి చెరువు. ఇలాగే ఇష్టపడుతూ పోతే ఫేజ్ 6 నాటికి అవతలి ఒడ్డున వేసిన వెంచర్‌తో మనకు ఉమ్మడి గోడ వస్తుందని లెక్క వేశాను.

మా మేడ మీద నుంచి ఇప్పుడు కనిపించేవి ఫేజ్ 2 ఇళ్ళ మీది నల్ల ప్లాస్టిక్ నీళ్ళ డబ్బాలు. ఒక్కోటి వెయ్యి లీటర్లు. వెంచర్ ఆఫీసుకు వెళ్ళి గొడవ పెట్టుకుంటే బ్రోచర్ తీసి చూపించారు. అందులో ‘ట్యాంక్ వ్యూ’ అని ఉంది. ఎన్ని ట్యాంకులు కావాలి సార్ అన్నారు.

ఇక్కడ చట్టం ఎంత లోతైనదో చెప్పాలి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలకు కాస్త తక్కువ, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు కట్టడాలు లేకుండా బఫర్ వదలాలి. అంతకంటే చిన్న కుంటయితే 9 మీటర్లు చాలు. పైకి మామూలు నిబంధనలా కనిపిస్తుంది కానీ అర్థం చేసుకునేవాడికి ఇది నిధి. 26 ఎకరాల చెరువును నాలుగు రాత్రులు టిప్పర్లు తిప్పి 24 ఎకరాలు చేశారనుకోండి. పోయింది రెండెకరాలే అనుకునేవాడు లెక్కల్లో తప్పినవాడు. ఆ చెరువు కుంట అయిపోతుంది, చుట్టూ 21 మీటర్ల పట్టీ బంధవిముక్తి పొందుతుంది. చెరువు గుండ్రంగా ఉందనుకుని లెక్క కడితే అదొక ఆరెకరాల పైనే, గజాల్లో చెప్పాలంటే 30 వేల పైచిలుకు. చిన్నప్పుడు వృత్తం వైశాల్యం నేర్పిన లెక్కల మాస్టారు, ఇవన్నీ ఎందుకు పనికొస్తాయి సార్ అంటే కొట్టేవారు. ఇందుకని చెప్పి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా వినేవాళ్ళం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎఫ్‌టీఎల్ అనేది అలుగు ఎత్తును బట్టి ఉంటుంది. నీళ్ళు అలుగు దాటాక చెరువు ఇక పెరగదు. కాబట్టి ఒక చీకటి రాత్రి అలుగును అడుగున్నర కొట్టేస్తే చెరువంతా అడుగున్నర దిగి, ఒడ్డున ఎకరాలకు ఎకరాలు ఎండలోకి వస్తాయి. మట్టి ఖర్చు లేదు, టిప్పర్ల దుమ్ము లేదు. పర్యావరణానికి హాని లేని పద్ధతి. సర్వే రాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మా చెరువు చుట్టూ అధికారులు పాతిన రాళ్ళు అమావాస్యకు అమావాస్యకూ నీళ్ళ వైపు నడుస్తున్నాయి. పాపం, వాటికీ లేక్ ఫ్రంట్ కావాలని ఉండదా?

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పుడు మాత్రం మా వాట్సాప్ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. బుల్‌డోజర్ వీడియోలు ఒకరి తర్వాత ఒకరు పెట్టడం, ఆ కింద దండం పెట్టే బొమ్మలు. చివరికి ఏజెంటే వాయిస్ మెసేజ్ పెట్టి ధైర్యం చెప్పాడు. “హైడ్రా ఔటర్ లోపలివరకే సార్. మనం బయట. ఇరవై నిమిషాలు బయట.” ఆ ఇరవై నిమిషాల విలువ ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

కొందరు గతం తవ్వుతారు. మన పూర్వులు చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టారని, కొడుకును కన్నంత పుణ్యమని, కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టించారని చెబుతారు. నేను కాదనను. కన్నబిడ్డ పెద్దయ్యాక స్థిరపడాలని ఏ తల్లిదండ్రులైనా కోరుకుంటారు. చెరువు స్థిరాస్తి కావడం కంటే స్థిరపడటం ఏముంటుంది? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాకే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగారని, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయని ఇంకొకరు పాఠం చెబుతారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదలడని సామెత. ఆ కాలం వాళ్ళకు చెరువు అంటే తాగడం తప్ప ఇంకో ఉపయోగం తెలియదు, ఏం చేస్తాం. ఆ రెండు చెరువుల కోసం 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేశారు. ఫామ్‌హౌసులు ఆ పగ్గం పొడవు ఎంతో కొలుచుకుని మరీ లేచాయి. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. తాగేవాళ్ళ మీద చూసేవాళ్ళు సాధించిన విజయంగా దీన్ని నమోదు చేయాలి.

నన్నడిగితే ఆదర్శ చెరువు మాసాబ్ ట్యాంక్. పేరులో ట్యాంక్ ఉంది, బస్టాపుంది, ఫ్లైఓవరుంది, నీళ్ళు లేవు. దోమల్లేవు, బఫర్ లేదు, ఎన్‌ఓసీ గొడవ లేదు. వేసవిలో ఎండదు, వానాకాలంలో పొంగదు. ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది.

మా చెరువు ఇంకా ఆ స్థాయికి రాలేదు. అక్కడ ఇంకా బర్రెలు కడుగుతున్నారు. మత్స్యకారుల సొసైటీ వాళ్ళు వలలు వేసిన రోజున లేక్ బ్రీజ్‌లో లేక్ కంటే చేప ఎక్కువ. కప్పలు రాత్రి పదింటి తర్వాత శబ్దం చేస్తున్నాయని గ్రూపులో ఒకాయన ఫిర్యాదు చేశాడు, పదకొండు మంది బలపరిచారు. సద్దుల బతుకమ్మ రోజు ఊరి ఆడవాళ్ళు తలల మీద బతుకమ్మలతో నేరుగా మా గేటు ముందుకు వచ్చారు. చెరువుకు తరతరాల దారి అదేనట. మా సెక్యూరిటీ కుర్రాడు నిబంధన ప్రకారం రిజిస్టరు చాపి, ఎవరింటికి వచ్చారో రాయమన్నాడు. ముందున్న పెద్దావిడ “గౌరమ్మింటికి, రాస్కో” అంది. కుర్రాడు ప్లాట్ నంబరెంత అని అడిగాడు.

ఇక మొన్నటి ఆగస్టు. మూడు రోజులు విడవకుండా వాన. చెరువు నిండింది. తన పాత స్థలంలోకి వెళ్దామని చూస్తే అక్కడ ఫేజ్ 2, ఫేజ్ 3 ఎత్తు మీద కూర్చుని ఉన్నాయి. రెండింటి మధ్య 30 అడుగుల రోడ్డొక్కటి ఖాళీగా కనిపించింది. తెల్లారేసరికి ఆ రోడ్డంబడి వచ్చి నా గేటు లోపల, తులసికోట రెండో మెట్టు దాకా కూర్చుంది. మా ఆవిడ తలుపు తీసి, ఒక నిమిషం చూసి, “వచ్చిందండీ మీ లేక్ వ్యూ” అని కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

నేను ప్యాంటు మడిచి నీరటి దగ్గరికి పరిగెత్తాను. తక్షణం తూము ఎత్తి నీళ్ళు వదిలెయ్యమన్నాను. ఆయన బీడీ ఆర్పి నింపాదిగా, “ఇప్పుడు వదిలితె యాసంగికి ఏం తాగుతరు సార్? రైతులు నన్ను బతకనిస్తరా? అయినా మీ ఇల్లున్నది నీళ్ళు నిల్సే జాగల. మా నాయిన ఆడ కొర్రమీన్లు పట్టేటోడు” అన్నాడు. కొర్రమీను మా హాల్లో ఎక్కడ పట్టేవాడో కూడా చెప్పాడు. సోఫా వేసిన చోట.

పది రోజులు కలెక్టరేట్‌కూ ఇరిగేషన్ ఆఫీసుకూ తిరిగాను. చెరువు నా ఇంటిని ఆక్రమించిందని రాసిస్తే, మీ దస్తావేజులో చెరువే లేదు కదా అన్నారు. న్యాయమైన మాటే. విసిగిపోయి ఇల్లు అమ్మేద్దామని ఏజెంటుకు ఫోన్ చేశాను. నీళ్ళ ఫొటోలు పంపమన్నాడు. పంపాను. పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది.

“సార్, ఇది లేక్ ఫ్రంట్ కూడా కాదు. లేక్ టచ్. ఫేజ్ 3 కంటే గజానికి రెండు వేలు ఎక్కువ పలుకుతుంది. తులసికోట ఫొటో అదిరింది. బెంగళూరు నుంచి ఒక ఫ్యామిలీ ఈ ఆదివారం సైట్ విజిట్‌కి వస్తామంటున్నారు. నీళ్ళు మాత్రం ఉండాలి సార్.”

ఈ రోజు గురువారం. వారం నుంచి వాన లేదు. తులసికోట దగ్గర నీళ్ళు ఒక మెట్టు దిగాయి. పొట్ట మీదున్న వరికి తడి కావాలని, రేపు పొద్దున తూము ఎత్తించాలని ఊళ్ళో రైతులు అనుకుంటున్నారట. నేను పెద్దాయనకు ఇష్టమైన బీడీ కట్ట ఒకటి, సోమవారం దాకా తూము ఎత్తవద్దని ఒక వినతిపత్రం పట్టుకుని కట్ట మీదికి బయల్దేరుతున్నాను.