జర్మనీ ఆఫర్ వచ్చిందా? దయచేసి బేరమాడకండి

జర్మనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నాదొక్కటే విన్నపం, జీతం దగ్గర బేరమాడి తెలుగుజాతి పరువు తియ్యకండి. రైతుబజార్లో కొత్తిమీర కొసరు కోసం పావుగంట నిలబడతాం నిజమే, కానీ ఇక్కడ అవతల ఉన్నది హెచ్ఆర్ మేడమ్, నవ్వుతూ మాట్లాడింది, పైగా మన ఇంటిపేరు కూడా తప్పుల్లేకుండా పలికింది.

లెక్క చాలా సింపుల్. యూరోని వందతో గుణించాలి, అంతే. లెటర్లో ఏడాది జీతం 43,759 యూరోల 80 సెంట్లు, అంటే దాదాపు 44 లక్షలు, మామగారు ఈపాటికి ఊరంతా చెప్పేసుంటారు. ఆ ఎనభై సెంట్లేంటని అడక్కండి. 2025లో ఐటీ వాళ్ళకి బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీయులు అక్కడుండి పనిచెయ్యడానికిచ్చే పర్మిట్) కావాలంటే ఏడాది జీతం కనీసం ఇంతుండాలని అక్కడి ప్రభుత్వం గీసిన గీత అది, మేడమ్ సెంటు కూడా అటూ ఇటూ పోకుండా సరిగ్గా గీత మీదే నిలబెట్టింది. మామూలు ఉద్యోగాలకైతే ఆ ఏడాది గీత 48,300. ఐటీకి మనుషులు దొరకట్లేదట, అందుకని తగ్గించారట. దొరకని సరుక్కి రేటు తగ్గడమేంట్రా అని మీకనిపిస్తే తప్పు మీదే, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నారు, ఎకనామిక్స్ ఎక్కడ చదివారు?

ఇక చేతికెంత వస్తుందనే చిల్లర సంగతి. మేడమ్ పంపిన ఎక్సెల్‌లో టాక్స్ క్లాస్ 3 (టాక్సు తక్కువ పడే కేటగిరీ) వేసి నెట్, అంటే కోతలు పోను చేతికొచ్చేది, చూపించారు, చూడ్డానికి కన్నులపండగ్గా ఉంది. కాకపోతే ఆ క్లాస్ రావాలంటే పెళ్ళయితే చాలదు, మీ ఆవిడ కూడా అక్కడుండాలి, ఆవిడేమో ఇంకా కూకట్‌పల్లిలో కూర్చుని వీసా స్లాట్ కోసం పొద్దున్నే సైట్ రిఫ్రెష్ కొడుతోంది. ఆవిడొచ్చి అడ్రస్ రిజిస్టర్ అయ్యేదాకా మీరు క్లాస్ 1 (పెళ్ళికానివాళ్ళ లెక్క), అంటే టాక్సు, పెన్షను, హెల్త్ ఇన్సూరెన్సు అన్నీ పోను నెలకి 2,400 చుట్టుపక్కల. అదేంటి మేడమ్ అనకండి, శుక్రవారం సాయంత్రం ఆమె మూడ్ పాడుచెయ్యడం పద్ధతి కాదు.

మ్యూనిక్ అద్దెల జోలికి నేను పోను. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడుగుతారు. చాలా ఇళ్ళలో వంటగది ఉంటుంది కానీ అందులో స్టవ్వూ సింకూ ఉండవు, ఖాళీ చేసినవాళ్ళు పీక్కుపోయుంటారు. ఇంట్లో టీవీ లేకపోయినా టీవీ, రేడియో ఫీజు మాత్రం ఇంటికి నెలకి 18.36 యూరోలు. ఇవన్నీ మీ సొంత విషయాలు, కంపెనీ ఫ్లైట్ టిక్కెట్ ఇచ్చింది కదా (రెండేళ్ళలోపు మానేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలి, పదకొండో పేజీలో చిన్నక్షరాల్లో ఉంది, అది చదవడం కూడా అమర్యాదే).

మావాడొకడున్నాడు, చెబితే వినడు. క్లాస్ 1 లెక్కతో నెట్ రాసిమ్మన్నాడు, మూడు నెలలు కంపెనీ ఫ్లాట్ అడిగాడు, భార్యాపిల్లల టిక్కెట్లడిగాడు, మధ్యలో మానేస్తే పనిచేసిన నెలలు తీసేసి మిగతాదే కడతానన్నాడు. మేడమ్ రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఏడాదికి 52 వేల యూరోలకి కొత్త లెటర్ పంపింది. ఆ పోస్టుకి బడ్జెట్టే అంతట పాపం, మొదట్నుంచీ.