నాలుగు మీటర్ల గీత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగు మీటర్ల గీత గారికి,

విజయవాడ నుంచి ఒక కార్ల పిచ్చోడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా కారు డిక్కీ మాత్రం అంత క్షేమంగా లేదు. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

మీరెవరో చాలామందికి తెలియదు. షోరూముకి వెళ్లినవాళ్లు మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా, తెలుపులో వెయిటింగ్ ఎన్ని నెలలు అని అడుగుతారు తప్ప మీ గురించి ఎవరూ అడగరు. కానీ కారు ముక్కు ఎక్కడ మొదలవ్వాలో, తోక ఎక్కడ తెగాలో తేల్చేది మీరే. 2006 బడ్జెట్‌లో చిదంబరం గారు చిన్న కార్ల ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించినప్పుడు మీరు పుట్టారు. ఆ తక్కువ పన్ను దక్కాలంటే కారు పొడవు 4000 మిల్లీమీటర్లు, అంటే నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. చిన్న కార్ల తయారీకి మన దేశం అడ్డా కావాలని ఆనాటి ఆశ. ఆశలో తప్పేం లేదు. అప్పటి మారుతి 800, శాంత్రో లాంటివి మీకు ఆమడ దూరంలోనే ఆగిపోయేవి. వాటికి మీతో పనే లేదు.

అసలు నాటకం ఆ తర్వాత మొదలైంది. పెద్ద కార్లు చిన్న కార్ల వేషం కట్టాయి. 2008లో టాటా వాళ్లు ఇండిగో డిక్కీని కుదించి 3988 మిల్లీమీటర్లకు తెచ్చారు. అదే ఏడాది వచ్చిన మారుతి డిజైర్ పొడవు 4160. పాపం, దానికి మీ మహిమ తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. 2012లో కొత్త డిజైర్ వచ్చేసరికి 3995! పోయింది 165 మిల్లీమీటర్లు, అంటే జానెడు లోపే. అది ఎక్కడ పోయిందో పక్క నుంచి చూస్తే చిన్నపిల్లాడైనా చెబుతాడు. స్కూలు పిల్లలు బొమ్మ గీస్తారు చూడండి, ముందు నుంచి పెద్దగా గీసుకొచ్చి, చివర్లో కాగితం అయిపోతే తోకని అంచుకి ఇరికిస్తారు. అచ్చం అలాగే ఉంది. ఆ ఏడాదే మహీంద్రా వాళ్లు నాలుగున్నర మీటర్ల జైలో కారుని అర మీటరుకు పైగా తగ్గించి క్వాంటో అన్నారు. 2016లో మన పల్లెల్లో సర్పంచి గారింటి ముందు నిలబడే బొలెరోకి కూడా మీ దగ్గర క్షవరం తప్పలేదు. 4107 ఉన్నది 3995 అయింది.

మా ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. కొత్తగా వచ్చిన ఒక కురచ సెడాన్‌ని తీసుకెళ్లి చూపిస్తే దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "వెనకాల నుంచి ఎవరు గుద్దార్రా?" అన్నాడు. ఎవరూ గుద్దలేదు బాబాయ్, కంపెనీ నుంచి వచ్చిందే ఇలా అన్నాను. "మేం ఇట్టా కట్టిస్తే ఓనరు డబ్బులిస్తాడా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మీ భక్తుల కొలతలు చూశారా? 3995, 3990, 3985, 3999. బాటా చెప్పుల ధరల బోర్డు చదువుతున్నట్టుంటుంది. ఇంజన్లూ అంతే, 1197, 1199, 1493, 1497. యూరప్‌లో 4040 ఉండే హ్యుందాయ్ ఐ20 ఇక్కడికొచ్చేసరికి 3995 అవుతుంది. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ సంగతే చూడండి. అక్కడ 2019లో పుట్టిన సెల్టోస్ 4315, ఆ మరుసటేడు పుట్టిన సోనెట్ 3995. ఒకే పురిటి గదిలో పుట్టిన అన్నదమ్ములు. అన్నకి ఒక పన్ను, తమ్ముడికి ఒక పన్ను.

మీ దగ్గర జాలి అనేది ఉందా అని నాకు అనుమానం వచ్చింది మారుతి బ్రెజా విషయంలో. మీ మాట విని బుద్ధిగా 3995కి కుదురుకుంది. డీజిల్ ఉన్నన్నాళ్లూ బాగానే గడిచింది. 2020లో డీజిల్ మానేసి 1462 సీసీ పెట్రోలుకు మారగానే పెద్ద కార్ల పన్ను నెత్తిన పడింది. మారుతి జిమ్నీదీ అదే కథ, అదే ఇంజను. గుండు కొట్టించుకున్నాక మొక్కు చెల్లదని చెప్పినట్టయింది వాటి పని.

ఇంకో మాట అడగాలి. పన్ను తగ్గించేది రోడ్డు మీద చోటు మిగలాలనే అయితే, మీరు పొడవే ఎందుకు కొలుస్తారు? వెడల్పు పట్టదా? జపాన్ వాళ్లకీ కేయ్ కార్లని చిన్న కార్ల లెక్క ఒకటుంది. 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 660 సీసీ, ఎత్తుకి కూడా ఒక హద్దు. అన్ని వైపులా కట్టేశారు. మీరు ఒక్క వైపే కట్టేసరికి మన కార్లు మిగతా వైపులకు పొంగాయి. టాటా నెక్సాన్ వెడల్పు 1.8 మీటర్లు. మా వన్‌టౌన్ సందుల్లో ఎదురుగా అలాంటి కారొస్తే ఇద్దరిలో ఒకరు రివర్సు కొట్టాల్సిందే. నెక్సాన్ మంచి కారే, కాదనను. 2018లో క్రాష్ టెస్టులో మన దేశంలో తయారై ఇక్కడే అమ్ముడయ్యే కార్లలో మొదటి అయిదు నక్షత్రాలు దానివే. కానీ కాగితం మీద అది కూడా చిన్న కారే కదండీ!

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు మిమ్మల్ని సాగనంపుతారేమో అనుకున్నాను. ఎక్సైజు పోయింది, వ్యాట్ పోయింది, మీరు మాత్రం చెక్కుచెదరలేదు. పైగా 2013లో ఎక్సైజు రోజుల్లోనే మీకు తోడైన తమ్ముడు కూడా నిలిచాడు, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఎత్తు. నాలుగు మీటర్లు, 1500 సీసీ, ఈ 170 మూడూ దాటితే ఎస్‌యూవీ అన్నారు. పెట్రోలు, డీజిలు కార్లన్నిటికీ 28 శాతం జీఎస్టీ, ఎస్‌యూవీకి దాని మీద 22 శాతం సెస్ అనే అదనపు పన్ను. ఇక ఆ 170ని కారు ఖాళీగా ఉన్నప్పుడు కొలవాలా, మనుషులెక్కాక కొలవాలా అన్నది ఢిల్లీలో పెద్ద చర్చ. ఖాళీగానే కొలవాలని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. దేశంలో ఇంతకంటే తేల్చాల్సినవి లేవని నేను అనడం లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సెస్ పోయింది, లెక్క తేలికైంది. మీ లోపల ఉంటే 18 శాతం, దాటితే 40. పన్ను లేకుండా పది లక్షలయ్యే కారు 3999 ఉంటే 1.80 లక్షలు కట్టాలి. 4001 ఉంటే నాలుగు లక్షలు. రెండు మిల్లీమీటర్లకు 2.20 లక్షలు. మా గాంధీనగర్ బంగారం కొట్ల వాళ్లకి కూడా ఇంత సన్నటి కొలతకి ఇంత రేటు పెట్టాలన్న ఆలోచన రాలేదు.

ఇదే కొలత ఎలక్ట్రిక్ కారుకు వర్తించదు. బ్యాటరీ ఉంటే అయిదు మీటర్లు దాటిన మెర్సిడెస్‌కీ 5 శాతమే. దాని ముందు మీరు టేపు చుట్టి జేబులో పెట్టుకుంటారు. పర్యావరణం కోసం అంటారు, సరే. మరి 18 శాతం కట్టి వ్యాగన్ఆర్ కొనుక్కునే మా మాస్టారు పర్యావరణానికి అంత శత్రువా?

మొన్నామధ్య మీ పలుకుబడి మైలేజీ నిబంధనల దాకా పాకబోయింది. 2027 నుంచి తేవాలనుకున్న కొత్త కేఫ్ నిబంధనల (ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకానికి హద్దు పెట్టేవి) మీద 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా వచ్చింది. నాలుగు మీటర్లు, 1200 సీసీ, 909 కిలోలు దాటని పెట్రోలు కార్లకు కర్బన ఉద్గారాల లెక్కలో కిలోమీటరుకు 3 గ్రాముల వెసులుబాటు అన్నారు. 909 ఏమిటండీ? ఎలాగూ అంకె కల్పిస్తున్నారు కదా, 1116 అని ఉంటే శుభప్రదంగా ఉండేది. తేలిక కార్లు ఎక్కువున్న మారుతి దానికి సై అంది. బరువైన బళ్లు అమ్ముకునే టాటా, మహీంద్రా నై అన్నాయి. చిన్న కారు బతక్కపోతే స్కూటర్ మీదున్న కుటుంబం కారెప్పుడు ఎక్కుతుందని ఒకరు, బరువు తగ్గించే తొందరలో భద్రత ఏమైపోవాలని మరొకరు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. విచిత్రం ఏమిటంటే, ఎవరి న్యాయం వాళ్ల షోరూములో ఉన్న స్టాకుకి సరిగ్గా సరిపోయింది.

ఇంత రాశాక ఒక నిజం ఒప్పుకోవాలి. నాదీ 3995 కారే. పేరు చెప్పను, మీకు తెలియనిది కాదు. కొనేటప్పుడు పెద్ద కారు దగ్గరకెళ్లి, బానెట్ నిమిరి, ఆన్‌రోడ్ ధర విని, వెనక్కొచ్చి దీనికి అడ్వాన్సు ఇచ్చాను. నెలకి మిగిలిన ఈఎమ్ఐ మీ చలవే. కాకపోతే పోయిన సంక్రాంతికి అత్తగారింటి నుంచి వస్తూ అరిసెల డబ్బా, జంతికల డబ్బా, రెండు ఆవకాయ జాడీలు, ఒక బియ్యం బస్తా డిక్కీలో పెడితే తలుపు పడలేదు. మా మామగారు కాసేపు చూసి, "నా పాత కారులో ఇవన్నీ పట్టి, మీ అత్తయ్య పెట్టె కూడా పట్టేది అల్లుడుగారూ" అన్నారు. ఆయనకి మీ గురించి చెబుదామనుకుని, వద్దులే అని ఊరుకున్నాను. జాడీలు మా ఆవిడ ఒళ్లో పెట్టుకుని విజయవాడ చేరింది. దారి పొడుగునా మాట్లాడలేదు.

ఇట్లు,
మీ దయవల్ల అయిదు మిల్లీమీటర్ల మిగులుతో బతుకుతున్న
ఒక కారు ఓనరు

తా.క.: నిన్న ఆటోనగర్ బాబాయ్ దగ్గర టేపు అడిగి తెచ్చి నా కారుని నేనే కొలిచాను. ముందు బంపర్‌కి దిష్టి తగలకుండా మా ఆవిడ కట్టిన నిమ్మకాయ, మిరపకాయలతో కలిపి 4040 వచ్చింది. ఈ సంగతి మన మధ్యనే ఉండనివ్వండి.