స్త్రీవేషం పోయాక కూచిపూడిలో మగపిల్లల చోటు

నాట్యం నేర్చుకునే మగపిల్లవాణ్ణి ‘ఆడంగి’ అని వెక్కిరించడం మన బడుల్లో, వీధుల్లో ఇప్పటికీ మామూలే. కూచిపూడిని తీర్చిదిద్దింది మగవాళ్లేననీ, మన పూర్వికులకు ఈ సంకుచితత్వం లేదనీ పెద్దలు దానికి జవాబు చెబుతుంటారు. మొదటి మాట నిజమే గానీ, రెండోదాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

కృష్ణా జిల్లాలోని కూచిపూడి అగ్రహారంలో వేదాంతం, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లే మేళాలు కట్టి ఊరూరా ఆడేవారు. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఈ నాట్యానికి ఆద్యుడిగా భావించే సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని చెప్పుకొంటారు. అది ఆషామాషీ వేషం కాదు. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ముందు జడ ఒక్కటే ఇవతల పడుతుంది. విద్యలో తనను ఓడించగలవారుంటే వచ్చి ఆ జడ కోసుకోవచ్చన్న సవాలు అందులో ఉందంటారు. తెర తొలగాక దరువు (పాత్ర పాడే పాట) పాడుతూ, మాట చెబుతూ, అడుగు వేస్తూ, సత్యభామ దర్పాన్నీ అలకనూ విరహాన్నీ తెల్లవార్లూ నిలబెట్టాల్సింది ఆ మగవాడే. అలా నిలబెట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ దక్కాయి.

అయితే అగ్రహారంలో ఆ వేషానికి దక్కిన మర్యాద వెనుక కులమూ మొక్కూ కవచంలా ఉన్నాయి. మేళంలోకి ఆడవాళ్లను రానివ్వని ఆ సమాజమే, గుళ్లలో, కొలువుల్లో తరతరాలుగా ఆడుతూ వచ్చిన కళావంతుల కులపు స్త్రీలను చిన్నచూపు చూసింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టంతో గుడిలో వారి ఆట నేరమే అయింది. మగవాడు ఆడవేషం కడితే వ్రతం, ఆడది ఆడితే అపవాదు అన్న లెక్కను ఉదారత అనడం నాకు చేతకాదు.

కూచిపూడి గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం మొదలుపెట్టి, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించేసరికి కళ ఊరు దాటింది, సత్యభామ ఆడవాళ్ల పాత్రయింది. అది జరగాల్సిన పనే, ఆలస్యంగా జరిగింది. మగవాళ్లు గురువులుగా, తాళం వేసి ఆట నడిపే నట్టువాంగం పట్టేవారిగా, నృత్యనాటకాల్లో కృష్ణుడిగా, శివుడిగా మిగిలారు. పెత్తనం ఎటూ పోలేదు, వేషమే పోయింది. కనుక నాట్యరంగంలో మగవాళ్లకు అన్యాయం జరిగిందని గురుపీఠం మీద కూర్చున్నవారు అంటే నమ్మబుద్ధి కాదు. నష్టపోయింది క్లాసు నిండా ఉన్న అమ్మాయిల మధ్య ఒక్కడే నిలబడి, కవచమేదీ లేకుండా, ఆ వెక్కిరింతను నేరుగా మోసే పిల్లవాడు.

మగవాళ్లు గంతులేయకూడదని మనవాళ్లేమీ అనుకోవడం లేదు. సినిమా డ్యాన్స్ మాస్టర్లలో అత్యధికులు మగవాళ్లే. 2023లో ఆస్కార్ గెలిచిన తెలుగు పాటకు తెరమీద ఆడింది ఇద్దరు హీరోలే. టీవీ షోలో కొడుకు పల్టీ కొడితే చప్పట్లు కొట్టే తండ్రే, అదే కొడుకు కనుబొమ్మ ఎత్తి అలక చూపిస్తే తల దించుకుంటాడు. అతని ఇబ్బంది ఆటతో కాదు, ఆ అలకతోనే.

ఈ ఇబ్బందికి విరుగుడుగా తాండవాన్ని, వీరాన్ని ముందుకు తేవడం రివాజైంది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ, కాకతీయుల కాలపు జాయప సేనాని నాట్యగ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని, మగవాళ్ల వీరనృత్యమైన పేరిణిని పునరుద్ధరించడం గొప్ప పని, అందులో సందేహం లేదు. మగపిల్లలు చాలామంది నామోషీ లేకుండా గజ్జె కట్టింది దానివల్లే. కానీ మగవాడు మగతనం చూపించే ఆటే ఆడాలన్న షరతును అది కదిలించలేదు, పైగా దానికి మరింత బలమిచ్చింది. విచిత్రమేమిటంటే ఆ రామకృష్ణే, కళావంతుల ఆట నుంచి తాను తీర్చిన ఆంధ్రనాట్యంలో సత్యభామ పాత్రను కూడా మగశిష్యుల చేత కట్టించారు. వారిలో కళాకృష్ణ హైదరాబాదులో దశాబ్దాలుగా ఆ వేషం ఆడుతూ వచ్చారు. ఒకే గురువు చేతి మీదుగా వచ్చిన ఈ రెండింటిలో ప్రభుత్వ వేడుకలకు మనం పిలిచేది పేరిణి బృందాన్నే.