కలిసొచ్చిన ఏడాదిని ఎక్కడ దాచాలి?

విశాఖలో ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా పంక్తిలో ఒక మాట తప్పకుండా చెవిన పడుతోంది. "మా గుంటడు బీటెక్కూ ఎంటెక్కూ ఒక్కసారే కొట్టేస్తన్నాడు బాబూ, ఏడాది కలిసొచ్చింది." పక్క విస్తరి ముందున్న పెద్దాయన చేతిలో పూర్ణం అక్కడే ఆగిపోతుంది. వాళ్లమ్మాయి బీటెక్ నాలుగేళ్లూ చదివి, గేట్ రాసి, ఇప్పుడు ఎంటెక్ రెండేళ్లు చదువుతోంది. మొత్తం ఆరు. ఏదో పాపం చేసినవాడిలా ఆయన తలవంచుకుని సాంబారు కలుపుకుంటాడు.

ఏడాదంటే మాటలు కాదు కాబట్టి, అది ఎక్కడ పుడుతుందో, ఎవరింట్లో పెరుగుతుందో, చివరికి ఏమవుతుందో తేల్చాల్సిన గురుతర బాధ్యత మా మీద పడింది.

ముందు మామూలు డిగ్రీల సంగతి. జాతీయ విద్యావిధానం 2020 తర్వాత ఏడాదికి 40 క్రెడిట్లని (చదువు బరువును కొలిచే తూకపురాళ్లు) లెక్క. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మూడేళ్లతో ఆగినవాడికి పీజీ రెండేళ్లు, అంటే 80. నాలుగేళ్లు చదివినవాడికి పీజీ ఒక్క ఏడాదే, 40. కూడి చూడండి: 120కి 80 కలిపినా 200, 160కి 40 కలిపినా 200. మూడూ రెండూ ఐదు, నాలుగూ ఒకటీ ఐదు. అన్నీ కలిపి ఇంటిగ్రేటెడ్ అన్నా ఐదే. "ఒక్క ఏడాదిలోనే పీజీ!" అన్న ఫ్లెక్సీ చూసి ఒళ్లు పులకరించిన తండ్రి ఆ రెండో ఏడాది బాకీని డిగ్రీలోనే ముందుగా తీర్చేశాడు. ఒకే బస్సుని హనుమంతవాకలో ఎక్కినా, ఇసుకతోటలో ఎక్కినా కాంప్లెక్సుకు చేరేది ఒకే టైముకి. టికెట్టు తేడా ఉంటుందంతే.

ఇంజనీరింగ్‌లో మాత్రం ఏడాది నిజంగానే పుడుతుంది. విడివిడిగా చదివితే ఆరేళ్లు. బీటెక్, ఎంటెక్ రెండూ కలిపి చదివించే ఐఐటీల డ్యూయల్ డిగ్రీ ఐదేళ్లు. (అందరూ ఐఐటీలు కారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్–ఎంటెక్ పెట్టింది. నాలుగుకు రెండు కలిపితే ఆరే అవుతుందన్న పాతకాలపు నమ్మకం! అక్కడ కలిసొచ్చేది ఏడాది కాదు, రెండో ప్రవేశ పరీక్ష బాధ తప్పడం. అది చిన్న లాభమేం కాదు.)

ఆ ఏడాది పుట్టుక రహస్యం ఏమిటంటే ఒకే సబ్జెక్టును రెండు పద్దుల్లో రాయడం. నాలుగో ఏట బీటెక్ ఎలెక్టివ్ (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టు) ఉండాల్సిన చోట ఎంటెక్ సబ్జెక్టు కూర్చుంటుంది, బీటెక్ ప్రాజెక్టు ఎంటెక్ థీసిస్‌కి మొదటి అధ్యాయమైపోతుంది. అమెరికాలో ఈ పని దాపరికం లేకుండా చేస్తారు. బ్యాచిలర్స్‌కు సుమారు 120 క్రెడిట్లు, మాస్టర్స్‌కు 30, అందులో సాధారణంగా 9 నుంచి 12 దాకా ఉమ్మడి. ఇది తెలిశాక సింహాచలం గిరిప్రదక్షిణ మీద మాకో ఆలోచన వచ్చింది. దారి 32 కిలోమీటర్లు. రోజూ ఇసుకతోట నుంచి సీతమ్మధారకు నడిచి ఆఫీసుకు వెళ్లేవాడు ఆ దూరాన్ని ప్రదక్షిణలో జమ వేసుకుంటే అప్పన్న ఒప్పుకుంటాడో లేడో చెప్పలేం, విశ్వవిద్యాలయం మాత్రం ఒప్పుకుంటుంది.

ఒప్పుకోవడానికి షరతులున్నాయి. ఉమ్మడి సబ్జెక్టులో 'బి' గ్రేడు కన్నా తగ్గితే అమెరికాలో చాలాచోట్ల అది మాస్టర్స్ పద్దుకు ఎక్కదు, బ్యాచిలర్స్‌లోనే ఉండిపోతుంది. బ్యాచిలర్స్ స్కాలర్‌షిప్పు ఎనిమిది సెమిస్టర్లతో ఆగిపోవడం మామూలు. తొమ్మిదో సెమిస్టరులో ఫీజు సాధారణంగా గ్రాడ్యుయేట్ (అంటే మన పీజీ) రేటుకు మారుతుంది. ద్వారకానగర్ మెట్లెక్కి విదేశీ చదువుల కన్సల్టెన్సీలో కూర్చున్న తండ్రి అడగాల్సింది "సీటొస్తుందా" అని కాదు, "ఏ సెమిస్టరు నుంచి మావాడు గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అవుతాడు" అని. ఈ ప్రశ్న వేస్తే కౌన్సెలర్ కాసేపు ఏసీ రిమోట్ కోసం వెతుకుతారు. కంగారుపడకండి.

ఇది చాలదన్నవాళ్ల కోసం యూజీసీ (విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే సంఘం) 2024లో త్వరిత డిగ్రీ విధానం తెచ్చింది. మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో, నాలుగేళ్లదాన్ని ఆరు లేదా ఏడు సెమిస్టర్లలో ముగించొచ్చు. కాలేజీ తన సీట్లలో 10 శాతం వరకు దీనికి కేటాయించొచ్చు. మొదటి లేదా రెండో సెమిస్టరు అయ్యాక కమిటీ చూసి ఎవరు తట్టుకోగలరో చెబుతుంది. సిలబస్ తగ్గదు, క్రెడిట్లు తగ్గవు, మార్కుల పత్రంలో మాత్రం తక్కువ వ్యవధిలో పూర్తి చేశాడని ఒక వాక్యం చేరుతుంది. ఆ వాక్యం కోసం ఎంత పని పడుతుందో చూద్దాం. ఒక క్రెడిట్ అంటే తరగతీ సొంత చదువూ కలిపి 30 గంటలు. 160 క్రెడిట్లకు 4,800 గంటలు. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సెమిస్టరుకు 600, ఆరుకు పంచితే 800. పదిహేను వారాల సెమిస్టరులో 800 అంటే వారానికి 53 గంటలు. తీరానికి తుఫాను హెచ్చరిక వచ్చి కలెక్టరుగారు నాలుగు రోజులు సెలవిస్తే ఆ గంటలన్నీ ఆదివారాల మీద పడతాయి. మాడుగుల హల్వాకు గోధుమలు రోజుల తరబడి నానాలి, పాలు తీయాలి, అవి పులియాలి. ఈ మెలకువ యూజీసీ దాకా చేరినట్టు లేదు.

అసలు ప్రమాదం గంటల్లో లేదు, గొలుసులో ఉంది. ఎలక్ట్రానిక్స్ కుర్రాణ్ణి తీసుకోండి. మొదటేడు మ్యాథ్స్ లేకపోతే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అర్థం కాదు. అది లేకపోతే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ లేదు, అది లేకపోతే నాలుగో ఏట కూర్చోబెట్టిన ఎంటెక్ సబ్జెక్టు అసలే లేదు. చాలా సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే, సరి సెమిస్టరులోనో బేసి సెమిస్టరులోనో నడుస్తాయి. మామూలు బీటెక్ వాడికి ఒక బ్యాక్‌లాగ్ ఉంటే సప్లిమెంటరీ రాసుకుంటూ ముందుకెళతాడు, నాలుగో ఏడు కాస్త ఖాళీ కూడా ఉంటుంది. డ్యూయల్ డిగ్రీ వాడి టైంటేబుల్లో ఆ ఖాళీని ఎప్పుడో అమ్మేశారు. ఒక్క సబ్జెక్టు తప్పితే మళ్లీ ఆ పేపరు నడిచేదాకా పై సబ్జెక్టు ఆగుతుంది. ఆగే కాలం, యాదృచ్ఛికంగా, ఒక ఏడాది.

ఇక థీసిస్. తొమ్మిదో సెమిస్టరులో థీసిస్ మొదలవుతుంది, అదే సెమిస్టరులో ప్లేస్‌మెంట్లూ మొదలవుతాయి. పొద్దున్న ల్యాబులో మైక్రోస్కోపు స్లాటు, మధ్యాహ్నం గ్రూప్ డిస్కషను. రెండూ ఒకే రోజు పడితే కుర్రాడు స్లాటు వదులుకుంటాడు. వదిలిన స్లాటు మళ్లీ ఎప్పుడొస్తుందో ల్యాబ్ అసిస్టెంటుకే తెలుసు. మార్చి వచ్చేసరికి చేతిలో ఫలితాలుండవు, నింపాల్సిన పేజీలుంటాయి. అప్పుడు సీనియర్ థీసిస్‌లోని సాహిత్య సమీక్ష అధ్యాయం చాలా చక్కగా రాసినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ కాపీ రాతలపై యూజీసీ 2018 నిబంధనలు రంగప్రవేశం చేస్తాయి. ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ నిబంధన రాసినవారి సూక్ష్మదృష్టికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మన కుర్రాడు మిగుల్చుకున్నది సరిగ్గా పన్నెండు నెలలు. కొద్దిగా కాపీ కొడితే అందులో సగం దాకా, గట్టిగా కొడితే మొత్తం, ఖజానాకు జమ.

అన్నీ సవ్యంగా జరిగాయే అనుకుందాం. అసలు ఎంటెక్ చదివే ఉద్దేశమే లేనివాడికి ఐదేళ్ల కోర్సులో మిగిలింది ఏమీ లేదు, నాలుగేళ్లతో పోయేదానికి ఇంకో ఏడాది తగిలించుకున్నాడు. ఆషాఢం డిస్కౌంటని అక్కర్లేని చీర కొన్న బేరమిది. ఎనిమిదో సెమిస్టరు ముగిసి రూమ్మేట్లు ఉద్యోగాల్లో చేరుతుంటే మనవాడు వాళ్ల ట్రంకుపెట్టెలు ఆటోలోకి ఎక్కిస్తుంటాడు. కంపెనీ ఫారంలో 'పాసైన సంవత్సరం' అన్న గడి వాణ్ణి రానివ్వదు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాడికి నెలకు 12,400 రూపాయల స్టైపెండు ఉంది. రెండేళ్లకు 2,97,600. డ్యూయల్ డిగ్రీ వాడికి అది ఏ సెమిస్టరు నుంచి, ఏ షరతు మీద వస్తుందో, అసలు వస్తుందో లేదో సీటు తీసుకునే రోజే కాగితం మీద రాయించుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నేళ్ల వరకో అదీ అడగాలి. నోటిమాట మీద నమ్మి చేరినవాళ్లను ఐదో ఏట అకౌంట్స్ సెక్షను కిటికీ దగ్గర గుర్తుపట్టొచ్చు.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న: మధ్యలో మానేస్తే? నాలుగేళ్ల తర్వాత బీటెక్ పట్టా తీసుకుని బయటపడే వీలు కొన్ని చోట్ల ఉంది, కొన్ని చోట్ల రెండు పట్టాలూ చివర్లో కలిపే ఇస్తారు. రెండో రకంలో నాలుగేళ్లు నిండినా కుర్రాడు సాంకేతికంగా ఇంటర్ పాసే. ఈలోగా గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే డిగ్రీ ఉందా అన్న గడి దగ్గర వాడి పెన్ను ఆగిపోతుంది. సబ్బవరంలో లా విశ్వవిద్యాలయం ఐదేళ్ల కోర్సు నడుపుతోంది. డిగ్రీ మూడు, ఎల్ఎల్‌బీ మూడు, మొత్తం ఆరేళ్లను ఐదు చేసిన వ్యవహారమే అదీ. అక్కడివాళ్లు ఎవరూ వేగం గురించి ఫ్లెక్సీలు కట్టరు. లాయర్లు కదా, కాగితం మీద పెట్టే మాట చూసుకుని పెడతారు.

థీసిస్ గట్టెక్కి, వైవా అయిపోయి, బయటి పరీక్షకుడు టీ తాగి వెళ్లిపోయాక సర్టిఫికెట్ల ఘట్టం. నో డ్యూస్ ఫారం పట్టుకుని లైబ్రరీ, హాస్టలు, ల్యాబు, ఎన్‌సీసీ (ఎన్‌సీసీలో లేకపోయినా) అన్నిచోట్లా సంతకాలు. రెండు డిగ్రీలు కాబట్టి రెండు ప్రొవిజనల్సూ, రెండు మార్కుల మెమోలూ విడివిడిగా వస్తాయో లేదో చూసుకోవాలి. ఉమ్మడి సబ్జెక్టు రెండు మెమోల్లోనూ ఒకే కోడుతో కనిపిస్తే విదేశీ విశ్వవిద్యాలయం వివరణ అడగొచ్చు, దానికో లేఖ ముందే రాయించుకుంటే మంచిది. ఒరిజినల్ డిగ్రీ మాత్రం స్నాతకోత్సవం అయితేనే. స్నాతకోత్సవం ముఖ్య అతిథిగారు తేదీ ఇస్తేనే. ఆయన నాలుగేళ్ల డిగ్రీని నాలుగేళ్లూ చదివిన మనిషి, ఆయనకు తొందరేం ఉంటుంది.