పెంకులో పోగు

రొయ్య బరువులో తల, పెంకు కలిపి దాదాపు సగం ఉంటుంది. మనం తినేదీ, విదేశాలకు పంపేదీ మిగతా సగమే. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలోనే ముందు వరుసలో నిలిచే విశాఖ రేవు నుంచి ఒలిచిన రొయ్య ఓడ ఎక్కుతోంది. ఒలవగా మిగిలింది ఏమవుతోందని ఈ నగరం గట్టిగా అడగలేదు. కొంత దాణాకు, కొంత ఎరువుకు పోతుంది. అందుకు నోచుకోనిది గంటల్లో కుళ్లి చుట్టుపక్కల వారిని ముక్కు మూసుకునేలా చేస్తుంది. ఆ పెంకులో బట్టకు పనికొచ్చే సరుకు ఉంది. ఆహార వ్యర్థాల నుంచి దుస్తుల ముడిసరుకు తీయాలని దేశదేశాలు ప్రయత్నిస్తున్న ఈ కాలంలో విశాఖ తన వంతు అక్కడి నుంచే మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. ఇక మనం కట్టుకునే పాలిస్టర్ ముడిచమురు బిడ్డ. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులను నీటిలోకి వదులుతుంది. ఆ నీరు చివరికి చేరేది మన సముద్రానికే. ఈ రెండు కష్టాలకూ ఒకే మందు వెతికినవారు ఉన్నారు. ఫిలిప్పీన్స్‌లో కోత తర్వాత పొలంలో మిగిలే అనాస ఆకుల నారతో కార్మెన్ హిహోసా తోలుకు బదులు వాడదగిన పినాటెక్స్‌ను రూపొందించారు. సిసిలీలో 2014లో పుట్టిన ఆరెంజ్ ఫైబర్ సంస్థ, రసం పిండిన నారింజ పిప్పిలోని సెల్యులోజ్ అనే పీచు పదార్థంతో బట్ట నేయించింది. కేరళలో కొబ్బరి నీళ్లపై బ్యాక్టీరియాను పెంచి తోలులాంటి పొర తీస్తున్నారు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఒకే రకం వ్యర్థం, ఒకేచోట, కల్తీ లేకుండా దొరకడం. పెళ్లి పందిట్లో మిగిలిన పులిహోర, విస్తరాకు, ప్లాస్టిక్ గ్లాసు కలగలిసిన బుట్టలోంచి చొక్కా పుట్టదు. తినదగిన అన్నం ఆకలిగొన్నవారికే చేరాలి, ఆ తర్వాత పశువుకు. బట్టల పేరుచెప్పి ఆ వరస తప్పించడాన్ని మేము ఒప్పుకోం. కాపులుప్పాడ డంపింగ్ యార్డులోని చెత్త గుట్టల్ని ఫ్యాషన్ కరిగిస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు కూడా. అక్కడికి కావలసింది ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పిందీ అదే.

రొయ్య పెంకు సంగతి వేరు. అది ఇంటి బుట్టలోంచి ఏరుకోవలసింది కాదు, ఒలిచే షెడ్లలోనే కుప్పగా దొరుకుతుంది. పెంకును ఆమ్లంలో ఉంచితే సున్నం కరిగిపోతుంది, క్షారంలో మరిగిస్తే మాంసకృత్తులు వదులుతాయి. మిగిలేది కైటిన్. దాన్ని మళ్లీ గాఢ క్షారంలో వేడి చేస్తే కైటోసాన్. ఈ పదార్థం అద్దిన నూలు బట్టలో చెమట కంపుకు కారణమైన బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. రంగు కూడా బట్టను బాగా పట్టుకుంటుంది. చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్‌తో కలిపి దారంగా తీయవచ్చు. గాయాల పట్టీల్లో ఇప్పటికే వాడుతున్నారు. ఈ విద్య తెలిసిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలోనే పరిశోధన కేంద్రం ఉంది. నగరానికి కాస్త దూరాన అచ్యుతాపురంలో వేలాది ఆడపిల్లలు దుస్తులు కుడుతున్నారు. పెంకు, విద్య, కుట్టుపని మూడూ ఇక్కడే ఉన్నాయి, వాటిని కలిపే దారమే లేదు.

చేపకూ బట్టకూ చుట్టరికం ఉత్తరాంధ్రకు కొత్తదేమీ కాదు. పొందూరులో ఇవాళ్టికీ వాలుగ చేప దవడ ఎముకతోనే పత్తిని ఏకుతారు. ఆ సన్నని పళ్ల వరసే పొందూరు ఖద్దరుకు నునుపు తెచ్చింది. తిని పారేసే ఎముకలో పనిముట్టును చూసిన ఆ చేతులకు మనం ఇంకా సరైన గౌరవం ఇవ్వలేదు.

అయితే కైటోసాన్ తయారీ శుభ్రమైన పని అని చెప్పి ప్రజలను మభ్యపెట్టలేం. ఆమ్లం, క్షారం, బోలెడు నీరు కావాలి. శుద్ధి చేయకుండా వదిలితే ఆ నీరే గెడ్డలను చంపుతుంది. 2020 మే 7 వేకువన విషవాయువుకు నిద్రలోంచి లేచి పరుగులు తీసిన ఊరు మనది. ‘పర్యావరణహితం’ అన్న బోర్డు చూసి ఏ ఫ్యాక్టరీకీ మినహాయింపు ఇవ్వకూడదు. శుద్ధి ప్లాంటు ముందు, ఉత్పత్తి తర్వాత. షెడ్లన్నిటికీ కలిపి ఒకే యూనిట్ పెడితే ఆ ఖర్చు భరించడమూ తేలిక.

సింహాచలం కొండవాలు అనాస తోటల ఆకులు, మన్యంలోని అనాస, గెల కోయగానే నరికేసే అరటి బోదెలు కూడా ఈ బాటలో రావచ్చు. పూర్ణా మార్కెట్లో మాలలు కట్టేవారికి అరటినార బలం ఎవరూ చెప్పనక్కరలేదు. డ్వాక్రా సంఘాలకు నార తీసే యంత్రాలిస్తే అక్కడే రాబడి మొదలవుతుంది. పినాటెక్స్‌లాంటి వాటికి గట్టిదనం కోసం పైన రసాయన పూత వేస్తారనీ, కాబట్టి అవి పూర్తిగా మట్టిలో కలవవనీ కొనేవారికి చెప్పాలి.

అన్నిటికన్నా మాకు పట్టింపైనది ఒకటుంది. మంచుగడ్డల మధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నా రోజంతా రొయ్యలు ఒలిచేది మహిళలు. పెంకుకు విలువ వచ్చిన రోజు ఆ విలువ వారిని దాటి పోకూడదు. మహా విశాఖ నగరపాలక సంస్థ, మత్స్యశాఖ, ఎగుమతిదారులు కూర్చుని ధర నిర్ణయించాలి. ఒలిచిన చేతులకు అందులో వాటా రాసి ఇవ్వాలి. రేపు షెడ్డు గుమ్మంలో పెంకు కుళ్లకముందే తూచే కాంటా ఒకటి పెట్టి, ఆ తూకం చీటీ ఆమె చేతికిచ్చి పని మొదలుపెట్టండి.