పసినోటికి నొప్పి తెలియదని ఎవరు చెప్పారు?

బాలింతల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "పాపకు నాలుక కింద తీగ ఉంటే మూడు నెలల లోపే కత్తిరించేయండి, లేకపోతే నత్తి వస్తుంది. ఆ వయసులో నరాలు ఇంకా తయారు కావు కాబట్టి నొప్పి ఉండదు. ఏడుపు భయంతో వచ్చేదే, మర్నాటికి గుర్తుండదు. అందుకే డాక్టర్లు మత్తు కూడా ఇవ్వరు. మనసు ఒప్పకపోతే నోటిపూత జెల్ గానీ తేనె గానీ రాయండి, నొప్పి సిరప్ ఒక చెంచా పట్టండి." చివర చేతులు జోడించిన బొమ్మ, పదిమందికీ పంపమన్న విన్నపం.

ముందుగా నరాల సంగతి. పుట్టిన గంటలోపే చనుమొన వెతుక్కుని, నోట పట్టి, నాలుకతో ఒత్తి పాలు తాగే బిడ్డ నోటికి నరాలు లేవంటే ఎలా నమ్మాలి? ఆ తీగ ఉత్త దారప్పోగు కూడా కాదు. నోటి అడుగున ఉండే పొర మడత పడి అలా కనిపిస్తుందనీ, నాలుక నరపు కొమ్మలు దానికి దగ్గరగా, పైపైనే సాగుతాయనీ 2019లో వెలువడిన శరీర నిర్మాణ పరిశీలనలు చూపించాయి.

నిజానికి ఈ అపోహ వాట్సాప్‌లో పుట్టలేదు, వైద్యుల దగ్గరే పుట్టింది. 1980ల దాకా అమెరికా, బ్రిటన్‌లలో కూడా నవజాత శిశువులకు కండరాలు కదలకుండా మందిచ్చి, మత్తు అంతంతమాత్రంగా ఇచ్చి పెద్ద ఆపరేషన్లే చేసేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం, గుండె దగ్గరి రక్తనాళానికి శస్త్రచికిత్స అవసరమైన నెలలు నిండని పిల్లలపై చేసిన అధ్యయనం ఆ ధీమాను కదిలించింది. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా అందిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, తర్వాతి చిక్కులూ తగ్గాయి. 2015లో అదే ఆక్స్‌ఫర్డ్‌లో, పుట్టి వారమైనా కాని పిల్లల మెదడుకు ఎమ్మారై స్కాన్ చేస్తూ పాదాన్ని చిన్నగా పొడిచి చూశారు. పెద్దవాళ్లలో నొప్పికి స్పందించిన 20 మెదడు భాగాల్లో 18 పిల్లల్లోనూ స్పందించాయి.

"ఏడుపు భయంతో వచ్చేదే" అన్న మాటలో కొంత పస ఉంది. చేతులు కదలకుండా గుడ్డలో చుట్టి, కొత్త వేళ్లు నోట్లో పెట్టగానే, కత్తెర తగలకముందే చాలామంది పిల్లలు గుక్కపెడతారు. అందుకే నొప్పిని అంచనా వేసేవారు ఏడుపు ఒక్కటే చూడరు. కనుబొమలు ముడిపడ్డాయా, కళ్లు గట్టిగా మూసుకున్నాయా, ముక్కు పక్కనుంచి పెదవి దాకా గాడి లోతుగా పడిందా, గుండె వేగం పెరిగిందా అని చూస్తారు. ఇక మర్నాటికి గుర్తుండదన్న మాట. 1997లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, మత్తు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసేటప్పుడు మిగతావారికంటే ఎక్కువ బాధపడ్డారు. తీగ కోయడం అంత పెద్ద పని కాదు, ఆ రెండూ ఒకటేనని నేను అనను. కానీ పసితనపు నొప్పి ఏ జాడా మిగల్చదని కూడా ఎవరూ అనలేరు.

మత్తు ఇవ్వరన్నది మాత్రం నిజమే. మొదటి నెలల్లో ఈ పనిని సాధారణంగా మత్తు లేకుండానే చేస్తారని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2005లోనే రాసింది. కోత కొన్ని క్షణాల పని. మత్తు సూదే ఇంకో నొప్పి, ఇక పూర్తి మత్తుకు దాని ప్రమాదాలు దానికున్నాయి. సందేశం రాసినవారు చేసిన గారడీ ఇక్కడే ఉంది: మత్తు వద్దన్నదాన్ని నొప్పి లేదన్నట్టు తిప్పేశారు. మత్తు లేకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఒంటిని వెచ్చగా చుట్టడం, కోతకు రెండు నిమిషాల ముందు ఆసుపత్రిలో తయారుగా ఉన్న 24 శాతం చక్కెర ద్రావణం నాలుక మీద కొన్ని చుక్కలు వేయడం, కోత అయిన వెంటనే తల్లి రొమ్ముకు అందించడం. చక్కెర చుక్కలు మెదడులో నొప్పి స్పందనను తగ్గిస్తాయా, పైకి కనిపించే బాధనే తగ్గిస్తాయా అన్న వాదన ఉంది. తల్లిపాల విషయంలో అంత తగవు లేదు; టీకా సూది వేసేటప్పుడు పాలు పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో చెప్పింది. చుక్కలంటే చుక్కలే సుమా, ఇంట్లో పంచదార కలిపి ఉగ్గుగిన్నెతో పోయమని కాదు.

జెల్ సలహా అసలు ప్రమాదం. బెంజోకెయిన్ అనే తిమ్మిరి మందు ఉన్న జెల్ రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు, బిడ్డ పెదవులు నీలంగా మారతాయి. రెండేళ్ల లోపు పిల్లల పంటి నొప్పికి అది వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. పోనీ పని చేస్తుందా అంటే, 2014 నాటి ఒక ఇజ్రాయెల్ అధ్యయనంలో తీగ కోసే ముందు అది రాసిన పిల్లలే ఎక్కువసేపు ఏడ్చారు. మందుల షాపులో దొరికే కొన్ని నోటిపూత జెల్‌లలో ఆస్పిరిన్ జాతికి చెందిన శాలిసిలేట్ ఉంటుంది. బ్రిటన్‌లో 2009 నుంచి 16 ఏళ్ల లోపువారికి అవి వద్దన్నారు.

తేనె ఏడాది లోపు వద్దు. బోటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చు. వస అరగదీసి తేనెలో కలిపి నాకించే ఇళ్లకూ ఇదే మాట.

"సిరప్ ఒక చెంచా" దగ్గర సీసా మీది అక్షరాలు చదవాలి. మన దగ్గర పారాసిటమాల్ చుక్కల మందులో తరచుగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125. నాలుగు కిలోల బిడ్డకు ఒక మోతాదు 40 నుంచి 60 మిల్లీగ్రాములు, అంటే చుక్కల మందు అర మిల్లీలీటరు చాలు. అదే మందు ఐదు మిల్లీలీటర్ల చెంచాతో పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. పైగా ఇంత చిన్న బిడ్డకు డాక్టరు చెప్పకుండా అసలు పోయకూడదు. జ్వరం ఉంటే ఆ మందు దాన్ని కప్పేస్తుంది.

ఇక నత్తి. నత్తికీ తీగకూ సంబంధం లేదు. బిడ్డ చక్కగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే, తల్లికి చనుమొనలు పుండ్లు పడకపోతే, తీగ కనిపించినంత మాత్రాన కోయనక్కరలేదు. ముందు పాలు పట్టే తీరు సరిచేసి చూడాలి. ఆ తర్వాత కూడా కోయాల్సిందేనన్నప్పుడు, పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో చూసుకోండి, రక్తం ఆగడానికి అది కావాలి. చక్కెర చుక్కలు వేస్తారా, అవగానే పాలు పట్టనిస్తారా అని అడగండి. తల్లిని గది బయట నిలబెడతామంటే కారణం కూడా అడగండి.