పెంచలయ్య గారి మెయిల్ బాక్స్

(కావలి. పొద్దున్నే. రొయ్యల చెరువులున్న పెంచలయ్య ఫోన్ పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడు. ఊళ్లో నెట్ సెంటర్ నడిపే కామాక్షమ్మ పెనం మీద దోసె తిరగేస్తోంది.)

పెంచలయ్య: ఏమే! నా మెయిల్ మీద అటాక్ జరిగింది. గంటలో 300 వచ్చి పడ్డాయి!

కామాక్షమ్మ: స్పామ్ అయ్యుంటుందిలే. 1978లోనే ఒకాయన కంప్యూటర్లు అమ్ముకోవడానికి సుమారు 400 మందికి ఒకేసారి పంపాడు. అప్పట్నుంచీ ఉన్న గోలే.

పెంచలయ్య: కాదు. పేపర్లో డినయల్ ఆఫ్ సర్వీస్ అని రాశారే, ఇదే అది.

కామాక్షమ్మ: అది వేరయ్యా. స్పామ్ పంపేవాడికి నువ్వు చదవాలి, కొనాలి, లేదంటే మోసపోవాలి. రెండోవాడికి నీతో బేరమే లేదు. ఆదివారం చేపల కొట్టు ముందు వందమందిని కూలికి తెచ్చి ఊరికే ధర అడిగిస్తూ నిలబెడితే, నిజంగా కొరమీను కావాల్సినోడు లోపలికి రాగలడా? సైట్‌ని అట్టా ఉక్కిరిబిక్కిరి చేస్తారు.

పెంచలయ్య: అంతమంది కూలీలు ఎక్కడ దొరుకుతారు?

కామాక్షమ్మ: నీ చెరువు గట్టు మీద. ఆ కెమెరా పాస్‌వర్డ్ ఏంది?

పెంచలయ్య: కొన్నప్పుడు ఉన్నదే. అడ్మిన్.

కామాక్షమ్మ: బాగుంది సంబడం! 2016లో మిరాయ్ అనే మాల్వేర్, అంటే దొంగ ప్రోగ్రామ్, అట్టాంటి కెమెరాలనీ రౌటర్లనీ వశం చేసుకుని, అమెరికాలో సైట్ల అడ్రస్‌లు వెతికిపెట్టే డైన్ అనే కంపెనీ మీద పడింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి గంటలకొద్దీ తెరుచుకోలేదు.

పెంచలయ్య: అంటే రొయ్యలకు కాపలా పెట్టింది రాత్రిళ్లు రౌడీయిజానికి పోతోందా!

కామాక్షమ్మ: పోయినా నీకు తెలీదు. ఏదీ, ఆ మెయిళ్లు చూపించు... ఇవి ప్రకటనలు కావే! అన్నీ "మా సైట్‌లో చేరినందుకు ధన్యవాదాలు". జర్మనీ, బ్రెజిల్... నువ్వు చేరావా?

పెంచలయ్య: నేను మన వీధి చీట్లోనే చేరలేదు.

కామాక్షమ్మ: అయితే మెయిల్ బాంబు. ఎవడో నీ అడ్రస్‌ని వందల సైట్లలో పడేశాడు. పంపేది నిజం సైట్లే కాబట్టి స్పామ్ ఫిల్టర్ చాలావాటిని ఆపదు. ఈ తొక్కిసలాటలో ఏదో ఒక మెయిల్ నీ కంట పడకూడదని వాడి ఎత్తు. బ్యాంకు నుంచి ఏమన్నా వచ్చిందా?

పెంచలయ్య: ఏమో, ఇందాకట్నుంచీ చూడకుండా డిలీట్ కొడుతున్నా.

కామాక్షమ్మ: ఆపవయ్యా సామీ! ట్రాష్‌లో వెతుకు.

పెంచలయ్య: (వెతికి) ఆర్డర్ కన్ఫర్మ్... సెల్‌ఫోను... 42,000... నా కార్డు మీద!

కామాక్షమ్మ: ముందు బ్యాంకుకి చేసి కార్డు ఆపించు, ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యి. షాపింగ్ పాస్‌వర్డ్ నేను మారుస్తా.

పెంచలయ్య: ఎవడికో 42,000 ఫోను! మొన్న నేను 12,000ది అడిగితే, రొయ్య రేటు పడిపోయింది, పాతదే చాలంటివి.

కామాక్షమ్మ: ముందు ఫోన్ చెయ్యవయ్యా!

పెంచలయ్య: ఎట్ట చేసేది? నీ పాతది హ్యాంగ్ అయి కూర్చుంది.